మన వీధి కుక్కపిల్ల విమానమెక్కే ముందు



రాజమండ్రి, భీమవరం, పాలకొల్లు, అమలాపురం – మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరు తీసుకున్నా వీధికి ఇద్దరు ముగ్గురైనా అమెరికాలోనో, ఇంగ్లాండులోనో, కెనడాలోనో ఉన్నారు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు వారి పిల్లలు వీధిలో దిక్కులేని కుక్కపిల్లను చేరదీస్తారు. తిరిగి వెళ్ళే రోజు దగ్గరపడేసరికి "దీన్ని కూడా మనతో తీసుకెళదాం" అని పట్టుపడతారు. మూగజీవం మీద జాలి చూపడం మంచిదే. అయితే ఆ జాలి వెనుక ఇంటిల్లిపాదికీ కొన్ని ఆరోగ్య బాధ్యతలు ఉన్నాయి. వాటిని గురించే ఈ నెల పాఠం.

ఒక మామ్మగారి సంగతి

కొంతకాలం క్రితం కోనసీమలోని ఒక పల్లె నుండి అరవై ఐదేళ్ళు దాటిన ఒక మామ్మగారు మా డ్రెస్సింగ్ గదికి వచ్చారు. కుడిచేయి చీర కొంగులో దాచుకున్నారు.

"ఏం లేదండి సిస్టరుగారూ, కత్తిపీట తెగిందండి" అన్నారు.

కొంగు తీసి చూశాను. పసుపు, సున్నం కలిపి మందంగా పట్టించి ఉంది. శుభ్రం చేస్తే చిన్న చిన్న గాట్లు నాలుగు కనబడ్డాయి.

"కత్తిపీటకు నాలుగు పళ్ళుంటాయా మామ్మగారూ?" అన్నాను.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అమెరికా నుండి వచ్చిన మనవడు కొబ్బరితోట గట్టున దొరికిన రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. అన్నం పెడుతుంటే అది చేయి కొరికింది. అప్పటికి నాలుగు రోజులైంది. "చెబితే మా ఆయన దాన్ని ఊరవతల వదిలేయమంటారండి. పిల్లాడు బెంగపెట్టుకుంటాడండి. చిన్న పిల్లే కదా, ఏమవుతుందిలే అనుకున్నానండి" అన్నారు.

ప్రియులారా, ఆ "ఏమవుతుందిలే" అన్నమాటే ప్రమాదం. వెర్రి లక్షణాలు బయటపడిన తరువాత రేబీస్ రోగిని బ్రతికించే మందు లేదు. మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కల వల్లనే వస్తున్నది. కరచినది పెద్ద కుక్కా, పిల్లా అని ఆ క్రిమి చూడదు. కాటు పడిన రెండు మూడు నెలలకు జబ్బు బయటపడవచ్చు. ఒక్కోసారి వారంలోనే రావచ్చు, ఏడాదికి కూడా రావచ్చు. కాబట్టి నాలుగు రోజులు బాగానే ఉన్నాము కదా అనుకోవడం ధైర్యం కాదు.

కుక్క కరిస్తే ఏమి చేయాలి?

1. వెంటనే గాయాన్ని ధారగా పడే నీటి క్రింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. ఈ ఒక్క పనితోనే గాయంలోని క్రిములు చాలావరకు పోతాయి.

2. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకు పసరు – ఏదీ పెట్టకూడదు. కట్టు బిగించి కట్టకూడదు.

3. ఆలస్యమైనా సరే ఆసుపత్రికి రావాలి. నాలుగు రోజులైంది కదా, ఇక లాభం లేదని ఊరుకోకూడదు. మామ్మగారికి నాలుగవ రోజున కూడా మొదట గాయం కడిగాము, తరువాత టీకా మొదలుపెట్టాము.

4. రక్తం వచ్చేలా కరచినా, పుండు మీదగాని, నోటిలోగాని, కంటిలోగాని కుక్క నాకినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇవ్వాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేలోగా ఇది కాపలా కాస్తుంది.

5. టీకా చర్మం పొరలో ఇచ్చేదైతే మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు ఇస్తారు. కండలో ఇచ్చేదైతే మొదటి రోజు, తరువాత 3, 7, 14, 28 రోజులకు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతుంది. మధ్యలో మానకూడదు.

పెద్దవారు చాలామంది ఇంజక్షన్లకు భయపడి చెప్పరు. దానికి కారణం ఉంది. నేను నర్సింగ్ చదువుకునే రోజులలో బొడ్డు చుట్టూ వరుసగా ఇంజక్షన్లు పొడిచేవారు. డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు కసౌలీలో తయారుచేసిన పాత టీకా అది. 2004 చివరలో మన దేశంలో దానిని ఆపివేశారు. ఇప్పటి టీకా చేతికి వేసే చిన్న సూది మాత్రమే. మీ ఇంట్లో పెద్దలకు ఈ మాట తప్పక చెప్పండి.

కరచిన కుక్కను ఏమి చేయాలి?

చంపకూడదు, తరిమివేయకూడదు. కట్టివేసి 10 రోజులు గమనించాలి. ఉన్నట్టుండి గొంతు మారడం, చొంగ కారడం, వెనుక కాళ్ళు పట్టు తప్పడం, కారణం లేకుండా కరవడం, లేదా చీకటి మూలన ముడుచుకొని కూర్చోవడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువైద్యునికి, మీకు టీకా వేస్తున్న డాక్టరుగారికి తెలియజేయాలి. కుక్కను ఊరవతల వదిలేస్తే ఈ పది రోజుల సాక్ష్యం పోతుంది. మామ్మగారి భర్తకు ఇదే చెప్పాము. ఆయన కోపం అణచుకొని అరుగు మీద గొలుసు వేసి, రోజూ ఉదయం సాయంత్రం తానే చూశారు. పది రోజులకు కుక్కపిల్ల ఆరోగ్యంగానే ఉంది. అయితే ఆ పది రోజుల కోసం ఎదురుచూస్తూ టీకా మొదలుపెట్టకుండా ఉండకూడదు. ఇది మరచిపోకండి.

విదేశానికి పంపాలంటే

మనవడు సెలవులు అయిపోయి వెళ్ళిపోయాడు. కుక్కపిల్ల మామ్మగారి దగ్గరే ఉండిపోయింది. అనుకున్న వెంటనే విమానం ఎక్కించడానికి వీలులేదు. ఎందుకంటే కుక్కల నుండి కుక్కలకు పాకే రేబీస్‌ను అమెరికా తన దేశంలో లేకుండా చేసుకున్నది. అది మళ్ళీ రాకూడదని వారి జాగ్రత్త.

2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుండి దత్తత కోసం 33 కుక్కలను, ఒక పిల్లిని అమెరికాకు తెచ్చారు. పెన్సిల్వేనియా చేరిన ఒక కుక్కకు రేబీస్ ఉన్నట్లు తేలింది. టీకా వేసినట్లు కాగితాలు ఉన్నా, మిగిలినవాటి రక్తం పరీక్షిస్తే చాలావాటికి సరిపడా రక్షణ లేదు. ఆ సంవత్సరం జూలైలోనే రేబీస్ ఎక్కువగా ఉన్న నూటికి పైగా దేశాల నుండి కుక్కల రాకను అమెరికా నిలిపివేసింది. మన దేశం కూడా ఆ జాబితాలో ఉంది. 2024 ఆగస్టు 1 నుండి కొత్త నిబంధనలతో అనుమతిస్తున్నది. మన దేశంలో టీకా వేయించిన కుక్కకు ముఖ్యంగా ఇవి కావాలి:

* వయస్సు కనీసం ఆరు నెలలు నిండాలి.
* చర్మం క్రింద మైక్రోచిప్ వేయించాలి. చిప్ ముందు, రేబీస్ టీకా తరువాత. వరుస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు.
* మూడు నెలలు నిండాకే రేబీస్ టీకా వేయించాలి.
* టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తం తీసి, వారు ఆమోదించిన ప్రయోగశాలకు పంపి, రక్షణ ఏర్పడిందో లేదో చూపాలి. ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందే ఈ రక్తం తీసి ఉండాలి.
* అక్కడి విమానాశ్రయంలో గుర్తింపు పొందిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందుగా చోటు కుదుర్చుకోవాలి. రక్తపరీక్ష లేకపోతే 28 రోజులు అక్కడే విడిగా ఉంచుతారు, ఖర్చు మనదే.

ఇంగ్లాండు, ఐరోపా దేశాలకైతే రక్తం తీసిన తరువాత మూడు నెలలు ఆగాలి. కెనడా 2022 సెప్టెంబరు 28 నుండి మన దేశం వంటి చోట్ల నుండి దత్తతకు ఇచ్చే కుక్కలను రానివ్వడం లేదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనక ముందే ఆ దేశపు తాజా నియమాలు చూసుకోండి. మనవైపు నుండి పంపడానికి హైదరాబాదు, చెన్నై వంటి చోట్ల ఉన్న కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం ధ్రువపత్రం అవసరం.

కుక్కతో పాటు ప్రయాణించే జబ్బులు

పిడుదుల జ్వరం: పిడుదులు కుట్టడం వల్ల వచ్చే ఎర్లీషియా, బబీసియా అనే జబ్బులు మన వీధి కుక్కలలో సామాన్యం. తిండి మానడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుండి రక్తం కారడం లక్షణాలు. ఎర్లీషియా ఒకసారి తగ్గినట్లే కనబడి నెలల తరువాత మళ్ళీ రావచ్చు.

గుండె పురుగు: దోమల వల్ల వస్తుంది. మన డెల్టాలో బోదకాలు తెచ్చేది దోమే కాబట్టి ఈ సంగతి మనకు సులభంగా అర్థమవుతుంది. రెండూ వేర్వేరు పురుగులు, దారి ఒకటే. క్రిమి లోపల చేరిన ఆరు నెలల వరకు పరీక్షలో కనబడకపోవచ్చు. అందుకే మొదటి పరీక్షలో లేదని వచ్చినా ఆరు నెలలకు మళ్ళీ చేయించాలి.

కొంకి పురుగులు, ఏలిక పాములు: కుక్క మలం పడిన ఇసుకలో చెప్పులు లేకుండా ఆడే పిల్లల కాళ్ళ గుండా కొంకి పురుగు పిల్లలు చర్మంలోకి చొరబడతాయి. కుక్కకు క్రమంగా మందు వేయించాలి. మలం వెంటనే ఎత్తివేయాలి. పిల్లలు అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.

ఎలుక జ్వరం: వానాకాలంలో చేలల్లో, ముంపు నీటిలో తిరిగే కుక్కలకు లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. మూత్రం ద్వారా మనకు అంటుతుంది. మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. కుక్కకు టీకా ఉంది.

గజ్జి, పార్వో, డిస్టెంపర్: గజ్జి మనకు కూడా దురద తెస్తుంది. నెత్తుటి విరేచనాలు తెచ్చే పార్వో, ఫిట్లు తెచ్చే డిస్టెంపర్ మనకు రావు గాని కుక్కపిల్లల ప్రాణం తీస్తాయి. టీకాలు తప్పనిసరి.

ఒక హెచ్చరిక: కుక్కకు జ్వరం వచ్చిందని మన మాత్రలు వేయకండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి వాటికి హాని చేస్తాయి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టకూడదు.

చేరిన తరువాత

మామ్మగారి కుక్కకు జూన్‌లో చిప్, టీకా వేయించారు. జూలై చివర రక్తం పంపారు. వానలలో దానికి పిడుదుల జ్వరం వచ్చింది. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు పరీక్ష చేసి నాలుగు వారాలు మందు ఇచ్చారు. మామ్మగారికి చదువు పెద్దగా లేదు. కాని నేను చెప్పిన ఒక మాట పట్టుకున్నారు. ప్రతి చీటీ, ప్రతి టీకా సీసా మీది కాగితం ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి బియ్యం డబ్బా మీద పెట్టారు. సంక్రాంతికి వచ్చిన అల్లుడు కుక్కతో పాటు ఆ సంచి కూడా తీసుకువెళ్ళారు.

కొత్త దేశంలో మొదటి వారాలు కష్టంగానే గడిచాయట. చలికి వణికేది, మంచం క్రింద నుండి వచ్చేది కాదు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇది సహజమే. తిండి ఒక్కసారిగా మార్చకుండా కొద్దికొద్దిగా మార్చాలి. ఒక గది, ఒకే వేళలు అలవాటు చేయాలి. భయపడిన కుక్క కరుస్తుంది కాబట్టి పిల్లలను దానితో ఒంటరిగా వదలకూడదు. చేరిన వారంలోనే పశువైద్యునికి చూపించి, ఏ దేశం నుండి వచ్చిందో చెప్పాలి. లేకపోతే అక్కడివారికి మన జబ్బులు వెంటనే తట్టకపోవచ్చు.

ఏప్రిల్‌లో ఆ కుక్క మళ్ళీ తిండి మానివేసింది. అక్కడి డాక్టరుగారు సంచిలోని పాత చీటీ చూసి వెంటనే పిడుదుల జ్వరం పరీక్ష చేయించారు. అదే అని తేలింది. వైద్యం సకాలంలో అంది కోలుకుంది. మామ్మగారు ఈ కబురు చెప్పడానికే ఒక రోజు ఆసుపత్రికి వచ్చారు. చేతి మీద నాలుగు మచ్చలు చూపించి, "ఈసారి కొంగులో దాచలేదండి" అన్నారు. తరువాత కాసేపు ఊరుకొని, "అరుగు బోసిపోయిందండి" అన్నారు.

ఈ నెల మీ ఇంట్లో చేయవలసినవి

1. ఇంట్లో ఎవరికైనా కుక్క గీరినా, కరచినా తిట్టకుండా అడిగి తెలుసుకోండి. తిడతారనే భయంతోనే పిల్లలు, పెద్దలు దాచిపెడతారు.
2. పెంపుడు కుక్కకు ఏటేటా రేబీస్ టీకా వేయించి, తేదీ గోడ క్యాలెండరు మీద రాయండి.
3. వీధి కుక్కలకు రోజూ అన్నం పెట్టేవారు, వాటిని పట్టుకునేవారు ముందస్తు టీకా గురించి డాక్టరుగారిని అడగండి. ముందు వేయించుకున్నవారికి కాటు పడితే మొదటి రోజు, మూడవ రోజు రెండు మోతాదులే చాలు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. గాయం కడగడం మాత్రం వారికీ తప్పదు.
4. విదేశానికి తీసుకువెళ్ళగలమా అని ముందు లెక్క వేసుకోండి. వీలుకాకపోతే ఇక్కడే మంచి ఇల్లు చూడండి. పిల్లవాని మాట కోసం తెచ్చి, సెలవుల తరువాత మళ్ళీ వీధిలో విడిచిపెట్టడం ఆ మూగజీవానికి అన్యాయం.

ప్రశ్నలు: కుక్క కరచిన గాయాన్ని ఎన్ని నిమిషాలు కడగాలి? చిప్ ముందా, టీకా ముందా? కరచిన కుక్కను ఎన్ని రోజులు గమనించాలి? జవాబులు పాఠంలోనే ఉన్నాయి. మీ పిల్లలచేత చదివించి, వారినే అడగండి.