పెంపుడు కుక్కకు విద్యుత్ పట్టీ – అహింసాణువ్రతము

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందినదైనను, దానిని దాదాపు అన్ని వైపులను ఆంధ్ర గ్రామములే చుట్టియున్నవి. ఇండ్లలోను అంగళ్ళలోను తెలుగు మాట ఎక్కువగా వినవచ్చును. వేరుసెనగ పండు మెట్టపొలములు, బండరాతి కొండలు, వాని నడుమ గొఱ్ఱెల మందలు – ఇది ఆ సీమ స్వరూపము. మందకు కుక్క కావలి. గిడ్డంగికిని కుక్కయే కావలి. ఈ తాలూకాలోని నిడుగల్లు కొండపై 13వ శతాబ్దమున జినాలయము వెలసినట్లు శాసనములు చెప్పుచున్నవి. అంత పూర్వమే అహింసాధర్మము వినిపించిన ఈ సీమలో కుక్కను పెంచు శ్రావకుని ముందు నేడొక క్రొత్త ప్రశ్న నిలిచియున్నది. మాట వినని కుక్కకు విద్యుత్ పట్టీ కట్టవచ్చునా?

ఈ పట్టీకి చిన్న పెట్టె యొకటి అమర్చబడి యుండును. దానినుండి రెండు లోహపు మొనలు కుక్క మెడ చర్మమునకు తగులుచుండును. యజమాని దూరమున నిలిచి చేతిలోని మీట నొక్కగానే ఆ మొనల మధ్య విద్యుత్తు ప్రవహించును. తీవ్రతను మెట్లు మెట్లుగా హెచ్చించుటకును తగ్గించుటకును వీలు కలదు. కొన్నింటిలో ధ్వనిని గాని అదురును గాని ఇచ్చు ఏర్పాటు కూడ నుండును. అమెరికాలో 1960వ దశకపు చివరిభాగమున వేటకుక్కల శిక్షణకై వాడుకలోనికి వచ్చిన ఈ సాధనము నేడు ఇంట కూర్చుండి తెప్పించుకొనదగినంత సులభమైనది.

పిలిచినను రాని కుక్కకు బాధ కలుగును. వచ్చినచో బాధ ఆగును. ఇదియే దీని సూత్రము. తక్కువ తీవ్రతలో అది వేలితో తట్టినట్లే యుండునని సమర్థకులందురు. కాని గొఱ్ఱె వెంట పరుగెత్తు కుక్క వేలితో తట్టినంత మాత్రమున ఆగునా? ఆగవలెనన్నచో అందుకు తగినంత బాధ యుండవలెను.

ఇక శాస్త్రదృష్టితో విచారింతురు గాక. కుక్క సంజ్ఞి పంచేంద్రియ తిర్యంచము; ఐదు ఇంద్రియములతో పాటు మనస్సు గల జీవి. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను చెప్పిరి: బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇచట వధమనగా చంపుట కాదు. కఱ్ఱతోనో కొరడాతోనో కొట్టుట. విద్యుత్ పట్టీలో కఱ్ఱ కనబడదు, దెబ్బ వినబడదు. అయినను జీవికి కలుగు బాధ బాధయే. కొట్టు చేతికైనను కొంత నొప్పి తెలియును. మీట నొక్కు వ్రేలికి ఏమియు తెలియదు. అందుచేతనే ఇచట ప్రమాదమునకు, అనగా జాగరూకత లేమికి, ఎడమెక్కువ. కోపములో నున్న పెద్దవారైనను, ఆటలో నున్న పిల్లవాడైనను ఆ మీట నొక్కగలరు.

అయితే ఒక ఆక్షేపణ గలదు. వ్యాఖ్యాతలు నిర్దయతో కోపవశమున చేయు బంధమును వేరుగాను, అవసరము కొలది దయతో చేయు బంధమును వేరుగాను ఎంచిరి. పశువును కట్టవలసి వచ్చినచో, నిప్పంటుకొన్నపుడు సులభముగా విడిపించుటకు వీలగునట్లు వదులుగా కట్టవలెనని చెప్పిరి. అట్లే, బండి క్రింద పడి చావవలసిన కుక్కను స్వల్పబాధతో కాపాడుట దయ కాదా? ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. బాధ లేని మార్గమే లేనిచో దీనికి బలముండును. కనుక అట్టి మార్గము కలదా లేదా యని చూడవలెను.

ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిన పరిశీలనలో, పిలిచినచో రాకుండుట మొదలగు దోషములు గల 63 కుక్కలను మూడు వర్గములుగా చేసి శిక్షణ నిచ్చిరి. బహుమానముతో నేర్చిన కుక్కలు పట్టీ కట్టబడిన కుక్కలకంటె తక్కువగా నేర్వలేదు. పైగా మొదటి పిలుపునకే లోబడుటలో మెరుగుగా నుండెను. నెదర్లాండ్సులో 2004లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో, విద్యుత్ బాధ నెరిగిన కావలికుక్కలు శిక్షణ లేని వేళలందును యజమాని దగ్గర భయచిహ్నములు చూపినవి. వేల్స్ దేశము 2010లోనే ఈ పట్టీలను నిషేధించినది. మరియొక అపాయము కూడ నున్నది. బాధ కలిగిన క్షణమున ఎదుట ఎవరున్నారో వారే దానికి కారణమని కుక్క తలపవచ్చును. ఎదుట నున్నది పసిబిడ్డ యైనచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

బాధ లేని మార్గమిది. మొదట ఇంటిలోనే, సందడి లేని చోట, పేరు పెట్టి ‘రా’ యని పిలువవలెను. వచ్చిన తక్షణమే రొట్టెముక్కయో, పెరుగన్నపు చిన్న ముద్దయో పెట్టి మెచ్చుకొనవలెను. ఆలస్యమైనచో దేనికి బహుమానమో దానికి తెలియదు. పాఠము ఐదు నిమిషములకు మించరాదు. దినమునకు రెండు మూడు మారులు చాలును. ఇంటివారందరు ఒకే మాట వాడవలెను. పిదప ఆరుబయట పొడవైన త్రాటితో, తరువాత గొఱ్ఱెలు దూరమున కనబడు చోట, క్రమక్రమముగా దగ్గరగా అభ్యసింపజేయవలెను. పిలిచి తిట్టరాదు, తిట్టినచో మరల రాదు. ఆకలితో మాడ్చి నేర్పుట అన్నపాననిరోధమే యగును గనుక బహుమానము దినపు తిండిలోని భాగముగనే యుండవలెను. ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కలకు విషములు, అవి పెట్టరాదు.

వర్తక కుటుంబములు గమనింపవలసిన విషయము మరొకటి కలదు. తాను చేయుట, ఇతరులచే చేయించుట, అనుమోదించుట – మూడును కర్మబంధ హేతువులే. కూలి ఇచ్చి శిక్షకునిచే పట్టీ కట్టించినవానికి దోషము తప్పదు. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున అనర్థదండములలో హింసాదానమును చెప్పుచు, గొడ్డలి, కత్తి మొదలైనవానితో పాటు సంకెలను కూడ పేర్కొనిరి. అంగడిలో ఈ పట్టీని పెట్టి లాభము గడించు ముందు ఆ పట్టికను ఒకసారి స్మరించుట మంచిది. దేశశాసనమును ఇట్లే యున్నది. 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము జంతువునకు అనవసరమైన బాధ కలిగించుటను, పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో అకారణముగా ఎక్కువకాలము కట్టివేయుటను నేరములుగా ఎంచినది.

హవిస్సును ముట్టినదని కొట్టబడి చనిపోవుచున్న కుక్క చెవిలో జీవంధరుడు పంచనమస్కారమును వినిపించెను. అది సుదర్శనుడను యక్షుడై జన్మించి, ఆపదలందు అతనికి తోడయ్యెనని క్షత్రచూడామణి కథ. ఆ కుక్కను కొట్టినవారు కుక్కయే తప్పు చేసినదని తలచిరి. జీవంధరుడు దాని బాధను చూచెను. ఇంటి వాకిట నున్న కావలికుక్క మాట విననపుడు శ్రావకుడు ముందుగా తానేమి నేర్పితినని విచారించుకొనవలెను.