పుస్తకం ఇచ్చిన తర్వాత దాన్ని ఎవరు చూసుకోవాలి?
అలీగఢ్ విరాళాలు మనకు నేర్పే పాఠాలు

మన సొసైటీకి విరాళాలిచ్చే సోదర సోదరీమణుల్లో చాలామంది గది కట్టించమంటే వెంటనే ముందుకొస్తారు. గదికి గోడ ఉంటుంది, గోడకు రాతిపలక ఉంటుంది, పలక మీద మర్హూమ్ నాన్నగారి పేరు ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఒక విశ్వవిద్యాలయం గదులతోనే నడవదు. గదిలోకి పుస్తకం రావాలి. ఆ పుస్తకాన్ని వెతికి ఇచ్చే మనిషికి నెలనెలా జీతం అందాలి. చదువుకునే పేద పిల్లవాడికి ఫీజు, భోజనం సమకూరాలి. విరాళం వీటికి ఎలా పనికొస్తుందో, ఎక్కడ చిక్కులో పడుతుందో తెలుసుకోవాలంటే అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం చరిత్ర చదవాలి.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అక్కడ బడి పెట్టారు. 1877లో కళాశాలకు పునాదిరాయి పడింది. డబ్బు కోసం ఆయన తొక్కని గడప లేదు. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, 1889లో, చందాల కోసం నాటక ప్రదర్శన పెట్టి తానే వేదిక ఎక్కారు. పెద్దమనిషి ఇలాంటి పని చేయవచ్చా అని విమర్శించినవారూ ఉన్నారు. దాత మనసు ఆయనకు బాగా తెలుసు. పెద్ద మొత్తాలు ఇచ్చినవారి పేర్లు స్ట్రేచీ హాలులో, చిన్న మొత్తాలు ఇచ్చినవారి పేర్లు ప్రహరీ గోడ మీద చెక్కించారు. ఆ పేర్లలో ముస్లింలవీ ఉన్నాయి, హిందువులవీ ఉన్నాయి. ఆ ఆవరణలోని నిజాం మ్యూజియం, ఆస్మాన్ మంజిల్ అనే పేర్లు చూస్తే మన హైదరాబాద్ సంస్థానం చేయూత గుర్తుకొస్తుంది. సర్ ఆస్మాన్ జాహ్ హైదరాబాద్ ప్రధానమంత్రిగా పనిచేసినవారు.

ఇక్కడ దాతలు తప్పక తెలుసుకోవలసిన చేదు సంగతి ఒకటుంది. 1895లో కళాశాల కార్యాలయ గుమాస్తా ఒకడు లక్ష రూపాయలకు పైగా కాజేసినట్టు బయటపడింది. ఆ రోజుల్లో లక్షంటే ఎంతో ఊహించుకోండి. గడపగడపా తిరిగి కూడబెట్టిన సొమ్ము, లెక్క చూసేవాడు లేక పోయింది. ఆ దెబ్బ నుంచి కళాశాల తేరుకోకముందే 1898లో సర్ సయ్యద్ కన్నుమూశారు. దానం ఇచ్చి లెక్క అడిగితే దాని పుణ్యం తగ్గుతుందని మనలో కొందరు మొహమాటపడతారు. నేను ఒప్పుకోను. లెక్క అడిగే దాత ఉన్నచోట నిజాయితీగా పనిచేసే గుమాస్తాకూ రక్షణ ఉంటుంది.

కళాశాల విశ్వవిద్యాలయం కావాలంటే 30 లక్షల రూపాయల నిధి చూపించాలన్నారు. 1911లో ఆగాఖాన్ నాయకత్వంలో దేశమంతా తిరిగి చందాలు పోగుచేశారు. చివరికి 1920లో విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. నిధి ఎందుకు అడిగారన్నదే మనం ఆలోచించవలసింది. భవనం కట్టడం ఒకసారి అయ్యే ఖర్చు, నడపడం ఏటా అయ్యే ఖర్చు. అసలు కదలకుండా ఉండి, దాని రాబడి మీద సంస్థ నడవాలి. ఇది మనకు కొత్త సంగతి కాదు, వక్ఫ్ అంటే ఇదే.

ఇక పుస్తకాల విషయం. అలీగఢ్‌లోని మౌలానా ఆజాద్ గ్రంథాలయం ఇప్పుడున్న ఏడంతస్తుల భవనాన్ని 1960లో నెహ్రూ ప్రారంభించారు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, సంస్కృత రాతప్రతులే అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. తాటాకుల మీద రాసిన తెలుగు, మలయాళ ప్రతులు కూడా ఉన్నాయి. వీటిలో చాలా భాగం కొన్నవి కావు, ఇళ్ల నుంచి వచ్చినవి. గోరఖ్‌పూర్‌కు చెందిన మౌల్వీ సుభానుల్లా సేకరణ అలా వచ్చిందే. హబీబ్ గంజ్ సేకరణ కూడా అంతే. దాన్ని కూడబెట్టిన నవాబ్ సదర్ యార్ జంగ్ మౌలానా హబీబుర్ రహ్మాన్ ఖాన్ షెర్వానీ మన హైదరాబాద్‌లో మత వ్యవహారాల శాఖకు పెద్దగా పనిచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి ఆయనే. జీవితమంతా ఏరి ఏరి చేర్చిన ఆ పుస్తకాలను ఆయన మరణించాక వారసులు 1960లో అలీగఢ్‌కు అప్పగించారు. అన్నదమ్ములు పంచుకుని ఉంటే అవి ఇన్ని బీరువాల్లో, ఇన్ని అటకల మీద చెల్లాచెదురై ఉండేవి. ఒక్కచోట చేరాయి కనుక ఈనాటికీ పరిశోధకులు వెళ్లి చూస్తున్నారు.

కానీ చేర్చడంతో పని సగమే అవుతుంది. పాత కాగితానికి తేమ శత్రువు, పురుగు శత్రువు, అన్నిటికంటే పెద్ద శత్రువు పట్టిక లేకపోవడం. పట్టికలో లేని పుస్తకం ఉన్నా లేనట్టే. ఒక బడిలో దాత ఇచ్చిన పుస్తకాల బీరువా మూడేళ్లు తాళంతోనే ఉండటం చూశాను. బదిలీ అయిన ప్రధానోపాధ్యాయుడితో తాళంచెవి కూడా వెళ్లిపోయింది! దాత మంచివాడే, పుస్తకాలూ మంచివే. చూసుకునే మనిషికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మన పూర్వికులు ఈ సంగతి పట్టించుకున్నారు. మొరాకోలోని ఫెజ్ నగరంలో ఖరవియ్యీన్ విద్యాలయాన్ని 859లో ఫాతిమా అల్-ఫిహ్రీ అనే మహిళ తండ్రి ఆస్తితో స్థాపించారని ప్రసిద్ధి. తర్వాతి కాలంలో దుకాణాల, భూముల వక్ఫ్ ఆదాయం మీద అది నడిచింది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1396లో తన 'కితాబుల్ ఇబర్' ప్రతిని అక్కడి గ్రంథాలయానికి వక్ఫ్ చేస్తూ షరతులు కూడా రాశారు. నమ్మకస్తుడికే ఇవ్వాలి, తగిన హామీ తీసుకోవాలి, రెండు నెలలు మించి బయట ఉంచకూడదు. పుస్తకంతో పాటు దాన్ని కాపాడే పద్ధతిని కూడా ఇచ్చారన్నమాట.

బ్యాంకు వడ్డీ విషయంలో మనకున్న సంకోచం సహజం. అలాంటప్పుడు నెలకు 8 వేలు అద్దె వచ్చే చిన్న దుకాణాన్ని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం పేర వక్ఫ్ చేస్తే ఏడాదికి 96 వేలు అవుతుంది. పెద్ద భవనమేమీ లేవదు. కానీ పాత ప్రతులకు జిల్దు కట్టించడం, స్కాన్ చేయించడం, పట్టిక రాసే విద్యార్థికి భృతి ఇవ్వడం ఏటా సాగుతాయి. సదఖా జారియా అనే మాటకు ఇంతకంటే సరిపోయే ఉదాహరణ నాకు తోచదు.

జకాత్ సంగతి వేరు. దాన్ని భవనాలకు, పుస్తకాలకు కాక అర్హుడైన పేదకే అందేలా చూడాలని ఉలమాల్లో ఎక్కువమంది చెబుతారు. పేద విద్యార్థి ఫీజు, హాస్టల్ ఖర్చు అందులోకి వస్తాయి. సందేహముంటే మీ మౌలానా గారిని అడిగి ఇవ్వండి. అలీగఢ్‌లో ఈ పని కోసం 1890లో సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ ఒక సంఘం పెట్టారు. అంజుమన్ అల్-ఫర్జ్ అని దాని పేరు, డ్యూటీ సొసైటీ అని కూడా అంటారు. విద్యార్థులే సెలవుల్లో ఊరూరా తిరిగి చందాలు తెచ్చి తోటి పేద విద్యార్థులకు సాయం చేసేవారు. దాన్ని ఖర్జె హసనా మాదిరిగా ఇచ్చేవారు. ఉద్యోగం వచ్చాక వాళ్లు తిరిగి కడితే ఆ సొమ్ము ఇంకొకరి చదువుకు వెళ్లేది. పిల్లవాడికి చెయ్యి చాచానన్న బాధ ఉండదు, దాతకు ఒకే రూపాయి పదిసార్లు ఇచ్చిన తృప్తి ఉంటుంది. మన స్కాలర్‌షిప్పుల్లో కొంత భాగమైనా ఈ పద్ధతిలో ఇచ్చి చూడాలని నా అభిప్రాయం.

మీ ఇళ్లలో తాతల నాటి ఉర్దూ, ఫార్సీ పుస్తకాలు, ఉత్తరాలు, పాత దస్తావేజులు ఉంటే పాతకాగితాల వాడికి వేయకండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు. ఇచ్చే ముందు పట్టిక ఎప్పుడు తయారు చేస్తారు, ఎవరు చూడవచ్చు, స్కాన్ ప్రతి మాకు ఇస్తారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీరు కూడా ఒక్కో పుస్తకానికి అంకె వేసి పట్టిక రెండు ప్రతులు రాయండి. ఒకటి పుస్తకాలతో పాటు పంపండి, రెండోదాని మీద అందినట్టు సంతకం చేయించుకుని ఇంట్లో ఉంచుకోండి.