చెయ్యి ఆపుకోవడమే అసలు విద్య

చి. శ్రీనుకు,

డల్లాస్‌లో ఇల్లు కుదిరిందనీ, గాలం కర్ర కూడా కొన్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. శనివారం లేక్ ఫోర్క్‌కి వెళ్తున్నావట, చాలా సంతోషం. నీటి మీద తేలే ఎరతో లార్జ్‌మౌత్ బ్యాస్‌ని పట్టడంలో ఉన్న మెలకువంతా చెయ్యి ఆపుకోవడంలోనే ఉంది. అది ఎక్కడెక్కడ అవసరమో రాస్తున్నాను.

లేక్ ఫోర్క్ ఆనకట్ట దగ్గర 1980లో నీటిని ఆపడం మొదలుపెట్టారు. నీరు నిండాక సుమారు 27,000 ఎకరాల జలాశయమైంది. మునిగే నేలలో చెట్లను చాలాచోట్ల కొట్టకుండా వదిలేశారు. ఆ మోడుల మధ్యే బ్యాస్ మాటు వేస్తుంది. టెక్సస్‌లో ఇప్పటిదాకా పట్టిన లార్జ్‌మౌత్‌లన్నిటిలోకీ పెద్దది, 18.18 పౌన్లది, 1992 జనవరిలో అక్కడే దొరికింది.

పైనీటి వేటకు వెలుగు తక్కువగా ఉండాలి. తెల్లవారుజాము, పొద్దు వాలే వేళ, మబ్బు పట్టిన రోజు మంచివి. నీరు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే బ్యాస్ పైకి రావడానికి బద్ధకించదు. వసంతం చివర షాడ్ అనే చిన్న చేపలు పొద్దున్నే ఒడ్డు వెంబడి గుడ్లు పెడతాయి, వాటి వెనకే బ్యాస్ వస్తుంది. ఆ గంటను నిద్రకు వదలకు.

నీరు కదలకుండా ఉంటే పాపర్ అనే చిన్న ఎర చాలు. గాలికి అలలు లేస్తే ఇంకాస్త చప్పుడు చేసే ఎర కట్టు. నాచు దట్టంగా ఉన్నచోట రబ్బరు కప్ప వెయ్యి. మన ఊళ్లో కొర్రమీను కోసం బతికున్న కప్పను గాలానికి గుచ్చి నాచు మీద ఆడించడం చూసినవాడివే, ఈ కప్ప పనీ అదే. దానికి అల్లిక దారం కట్టు. మిగతా వాటికి మోనో నైలాన్ దారం చాలు, అది తేలుతుంది. ఫ్లోరోకార్బన్ మునిగి ఎర ముక్కును కిందికి లాగుతుంది.

ఎర నీట్లో పడగానే లాగకు. దాని చుట్టూ లేచిన వలయాలు చెదిరిపోయేదాకా ఆగు. చప్పుడు విని వచ్చిన చేప కిందనుంచి దాన్నే చూస్తూ ఉండొచ్చు. ఆ తర్వాత కర్ర కొన నీటివైపు దించి, దారం కాస్త వదులుగా ఉంచి, మణికట్టుతో చిన్నగా తట్టు. జారా స్పూక్ లాంటి ఎర ఎడమకూ కుడికూ ఊగుతూ వస్తుంది. దారం బిగించి లాగితే ఆ ఊపు పోతుంది.

అన్నిటికన్నా కష్టం నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మినప్పుడు ఆగడం. బ్యాస్ నోరు తెరిచి ఎరను నీటితో సహా పీల్చుకుంటుంది. చప్పుడు వినగానే కర్ర ఎత్తితే దాని నోటి దగ్గర ఎరను నువ్వే లాక్కున్నట్టవుతుంది. చేతికి బరువు తెలిశాకే ఎత్తు. కప్పతో అయితే ఇంకో క్షణం ఓర్చుకో. చేప తప్పినా ఎరను గబగబా చుట్టేయకు. అక్కడే ఉంచి కాస్త కదిలిస్తే మళ్లీ తిరగబడే అవకాశం ఉంది.

చేప పడ్డాక కూడా చెయ్యి ఆపుకోవాల్సిందే. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న లార్జ్‌మౌత్‌ని వెంటనే వదిలేయాలని నిబంధన. రోజుకు అయిదు ఉంచుకోవచ్చు, వాటిలో 24 అంగుళాలో అంతకు మించో ఉన్నది ఒక్కటే ఉండాలి. ఈ సరస్సులో పెద్ద చేపలు మిగిలాయంటే అందులో ఈ నిబంధన వంతు చాలా ఉంది. చేతులు తడుపుకుని, బరువైనదైతే పొట్ట కింద కూడా చెయ్యి ఆసరా ఇచ్చి పట్టుకో. ఎండాకాలంలో ఫోటోలకోసం ఎక్కువసేపు నీటి బయట ఉంచకు.

మూడు ముళ్ల గాలాలు వేళ్లకూ గుచ్చుకుంటాయి, పట్టకారు దగ్గర పెట్టుకో. పడవ నడిచేటప్పుడు లైఫ్ జాకెట్ విప్పకు, గుర్తులు పెట్టిన దారి వదిలి వేగంగా పోకు, నీటి కింద మోడులుంటాయి. ఉరుము వినబడితే కర్ర దించి ఒడ్డుకు వచ్చెయ్. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లైసెన్సు ముందే తీసుకో.

అంత పెద్ద చేపను చేతులారా ఎందుకు వదిలావని మీ నాన్న తప్పకుండా అడుగుతాడు. పైన రాసిన కొలత చెప్పు. అది ఇంకా పెరగాలి, గుడ్లు పెట్టాలి, నీ తర్వాత వచ్చేవాడికీ దొరకాలి అని చెప్పు.

మీ బాబాయి