ఆదివారం డ్యూటీకి వెళ్లే శిష్యుడు

సమస్య

మాది శ్రీకాకుళం జిల్లా. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో తాతయ్య కూలిపనికి భిలాయి వచ్చారు. నేను బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేస్తున్నాను. షిఫ్టుల వల్ల చాలా ఆదివారాలు ఆరాధన తప్పుతుంది. సంఘ పెద్దలు నన్ను నులివెచ్చని విశ్వాసి అంటున్నారు. నిజమైన శిష్యుడివైతే పేతురు వలలు విడిచినట్టు ఉద్యోగం వదిలి పూర్తికాల సేవకు రమ్మంటున్నారు. ఒకట్రెండు సార్లు ఒంట్లో బాగోలేదని చెప్పి డ్యూటీ ఎగ్గొట్టి ఆరాధనకు వెళ్లాను. పాప పన్నెండో తరగతి. ఉద్యోగం మానడం నా భార్యకు ఇష్టం లేదు. నేను ప్రభువు కంటే జీతాన్నే ఎక్కువ ప్రేమిస్తున్నానా?
- ఒక పాఠకుడు, భిలాయి

సలహా

బాబూ, మీ ఉత్తరంలో శిష్యత్వానికి అడ్డొచ్చిన విషయం ఒకటుంది. అది ఉద్యోగం కాదు, ఒంట్లో బాగోలేదని ఆడిన అబద్ధం. దాన్ని మీరు మధ్యలో ఒక వాక్యంలో చెప్పి దాటేశారు, మీ పెద్దలు దాని గురించి అడిగినట్టే లేదు. పేతురు వలలు వదిలాడు, లేవీ సుంకపు మెట్టు వదిలాడు, కాదనను. కానీ అదే సువార్తల్లో జక్కయ్య కూడా ఉన్నాడు. అతణ్ణి సుంకం పని మానమని యేసు అడిగినట్టు లేదు. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ అతనే అన్నాడు. దయ్యాలు వదిలిన గెరాసేనువాడు వెంట వస్తానని బతిమాలితే యేసు వద్దని ఇంటికి పంపాడు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులొచ్చి మేమేం చెయ్యాలని అడిగితే కొలువు మానమనలేదు, ఎవర్నీ బెదిరించి దోచుకోవద్దన్నాడు. పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే బోధించాడు. వలల కథ ఒక్కటే పట్టుకుని మిగతావాటిని పక్కన పెట్టడం లేఖనాన్ని సగమే చదవడం. పూర్తికాల సేవకు పిలుపు ఉన్నవాళ్లుంటారు. ఆ పిలుపు పక్కవాళ్లు పెట్టే సిగ్గులోంచి పుట్టకూడదు.

మీ పెద్దలు ఇక్కడ ఒక గట్టి మాట అనగలరు: మన పూర్వులు ఆదివారం పనికి పోమన్నందుకు కష్టాలు పడ్డారు కదా, నీకేమొచ్చింది అని. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. 1866లో మాదిగ కులానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో క్రైస్తవులైనవాళ్లకు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చెప్పిన ముఖ్య నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటి నియమం ఊరి పెద్దలకు, కరణాలకు కోపం తెప్పించింది. మాదిగవాడి చాకిరీ ఏడు రోజులూ తమ హక్కని వాళ్ల లెక్క. అందులోంచి ఒక రోజును లాక్కోవడమంటే తానూ మనిషినేనని ఊరి నడిమధ్య నిలబడి చెప్పడం. ఆ నిరాకరణ తగిలింది వెట్టి చేయించుకునేవాడికి. మరి మీరు ఎగ్గొట్టిన షిఫ్టు ఎవరికి తగిలింది? యాజమాన్యానికి కాదు, రిలీవర్ రాక ఇంకో షిఫ్టు నిలబడాల్సివచ్చిన తోటి కార్మికుడికి. పైగా ఈనాడు మీకు వారానికో రోజు సెలవు చట్టప్రకారం ఉంది, అది ఆదివారం పడకపోవచ్చు, అంతే. అదే క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆ జనానికి పనీ కూలీ చూపించాడు. కూలి పనిని లోకపు పనని ఆయన చులకన చెయ్యలేదు.

భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. ఫర్నేస్‌ని ఆదివారం ఆర్పి సోమవారం వెలిగించడం కుదరదని మీకు నేను చెప్పక్కర్లేదు. కరిగిన లోహం లోపలే గడ్డకడుతుంది. అక్కడ ఏమరుపాటు ఖరీదేమిటో కూడా మీకు తెలుసు. 2014 జూన్‌లో మీ ప్లాంటు పంప్ హౌస్‌లో గ్యాస్ వ్యాపించి ఆరుగురు పోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర లేచిన మంటలు పదిమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఇలాంటి చోట పొరుగువాణ్ణి ప్రేమించడమంటే వేళకు వెళ్లడం, గ్యాస్ రీడింగ్ చూడకుండా చూశానని రాయకపోవడం, షిఫ్టు అప్పగించేటప్పుడు లోపాన్ని దాచకపోవడం. కాంట్రాక్టు కూలీల హాజరు మీ సంతకంతో వెళ్తుంటే వాళ్లకు ఒక్క రోజు కూలి కూడా తగ్గకుండా చూడడం. ఈ ఊళ్లోనే 1991లో కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని చంపారు. అప్పుడు ఆయన చేస్తున్న పోరాటం కాంట్రాక్టు కార్మికుల కోసమే. క్రైస్తవుడు కాని ఆయన అంత దూరం వెళ్లగా, శిష్యులమనుకునేవాళ్లు హాజరు పట్టీ దగ్గర తలదించుకుంటే ఎలా?

ఇలా చెబితే శిష్యత్వాన్ని మంచి ఉద్యోగి స్థాయికి దించేశానని కొందరు అనవచ్చు. ఆ పొరపాటు పడకండి. సంఘం లేని శిష్యుడుండడు. ప్రార్థన, వాక్యం, రొట్టె విరవడం, అందరితో కూడుకోవడం మానేసి డ్యూటీయే ఆరాధన అనుకుంటే అది సోమరితనమే. వీక్లీ ఆఫ్ రోజంతా టీవీ ముందు గడిచిపోతుంటే మీ పెద్దల మాటలో సగం నిజమున్నట్టే. ఇక డ్యూటీలో, లేని రీడింగ్ రాయమని పై అధికారి అన్నప్పుడు కాదంటే ప్రమోషన్ ఆగవచ్చు. వెల చూసుకోమని యేసు చెప్పింది అలాంటి చోటే. సెప్టెంబరు 17న ప్లాంటులో పెట్టే విశ్వకర్మ పూజ ప్రసాదం సంగతి మీరు అడగలేదు గానీ, మీ పెద్దలు అదీ ఎత్తుతారు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే నవ్వుతూ వద్దనండి, తిన్నవాణ్ణి తప్పుపట్టకండి.

రాజీనామా ఇవ్వొద్దు. మీ భార్య మాటను లోకపు మాటని కొట్టిపారెయ్యొద్దు. ఇంటివాళ్లను పోషించనివాడి గురించి తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఎంత కటువుగా ఉందో మీ పెద్దలకు తెలుసు. మీ బదులు షిఫ్టు నిలబడ్డతనికి జరిగింది చెప్పి, అతనికి సెలవు కావాల్సిన రోజున మీరు నిలబడండి. ఈ ఉత్తరం మీ పెద్దలకు చూపించండి. వాళ్లకు నా మనవి ఒక్కటే: షిఫ్టుల ఊళ్లో సంఘం నడుపుతున్నారు, వారం మధ్యలో ఒక సాయంత్రం కూడా ఆరాధన పెట్టండి.