సూపర్‌చార్జర్ బిగించిన కారు రోడ్డెక్కొచ్చా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కారు యజమానులకు: తరచూ అడిగే ప్రశ్నలు

దుబాయ్, మస్కట్‌లలో పనిచేసి వచ్చినవాళ్లకు సూపర్‌చార్జర్ బిగించిన స్పోర్ట్స్ కార్లు కొత్తేమీ కాదు. ఇక్కడి కారుకూ అది వేయించి, ఏడాదికి ఒకటి రెండుసార్లు రేస్ ట్రాక్‌పై నడపాలనుకునేవారు ముందే గుర్తించాల్సిన సంగతి ఒకటుంది. ట్రాక్ నిర్వాహకులు సరే అన్నంత మాత్రాన మోటారు వాహనాల చట్టం సరే అన్నట్టు కాదు.

ప్ర: టర్బో కార్లు బోలెడు తిరుగుతున్నాయి. సూపర్‌చార్జర్‌కే అడ్డెందుకు?

జ: రెండూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేవే. టర్బో పొగ వాయువుతో తిరుగుతుంది, సూపర్‌చార్జర్ సాధారణంగా క్రాంక్‌షాఫ్ట్‌కు తగిలించిన బెల్టుతో తిరుగుతుంది. అడ్డు పరికరానికి కాదు, దాన్ని ఎవరు బిగించారన్నదానికే. 2013లో మన మార్కెట్లోకి వచ్చిన జాగ్వార్ ఎఫ్-టైప్ కంపెనీ బిగించిన సూపర్‌చార్జర్‌తోనే వచ్చింది. ఆ ఇంజిన్‌తోనే పరీక్షలు పాసైంది కాబట్టి పేచీ లేదు. 2016లో వచ్చిన 5 లీటర్ల ఫోర్డ్ మస్టాంగ్‌కు మాత్రం కంపెనీ సూపర్‌చార్జర్ ఇవ్వలేదు. దానికి బయట కిట్టు వేయిస్తే అది మార్పు కిందికే వస్తుంది.

ప్ర: చట్టం ఏమంటోంది?

జ: మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే మాట గట్టిగా చెప్పింది.

ప్ర: సూపర్‌చార్జర్ వేసినా సీసీ మారదు కదా?

జ: మారదు. హార్స్‌పవర్ మారుతుంది. రిజిస్ట్రేషన్ కోసం నింపే ఫారం 20లో సీసీతో పాటు హార్స్‌పవర్‌కూ గడి ఉంది. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కార్లన్నీ బీఎస్-6 ప్రమాణాలకు పరీక్షించినవే. గాలి, పెట్రోలు పాళ్లు మారితే ఆ పరీక్ష ఫలితం మీ కారుకు వర్తించదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అంటారేమో, ఆ చిన్న తనిఖీ ఇంజిన్ మార్పుకు అనుమతి పత్రం కాదు.

ప్ర: అనుమతి ఎక్కడ అడగాలి? వస్తుందా?

జ: జగిత్యాల, కోరుట్లవారు జగిత్యాల జిల్లా రవాణా శాఖ (టీజీ 21) పరిధిలోకి, సిరిసిల్లవారు రాజన్న సిరిసిల్ల జిల్లా (టీజీ 23) పరిధిలోకి వస్తారు. సీఎన్‌జీ కిట్లకు నిబంధనల్లో ప్రత్యేక దారి ఉంది. ప్రభుత్వం గుర్తించిన సంస్థ ఆ మోడల్‌కు పరీక్షించి ఆమోదించిన కిట్టునే బిగించాలి. అలాంటి ఆమోద పత్రం లేని సూపర్‌చార్జర్‌కు అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అయినా అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబూ రాతపూర్వకంగానే తీసుకోండి. కాదంటే, ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు. కారు మీద లోను ఉంటే, ఏ మార్పుకైనా ముందు ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక సమ్మతి తీసుకోండి.

ప్ర: అనుమతి లేకుండా పట్టుబడితే?

జ: సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ కూడా చేయొచ్చు. అయితే ముందు మీ వాదన వినాలి, కారణాలు రాసి ఇవ్వాలి.

ప్ర: ట్రాక్ దాకా నడిపించుకుంటూ పోవచ్చా?

జ: పోకూడదు. జగిత్యాల నుంచి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు సుమారు 800 కిలోమీటర్లు, అంతా ప్రజారహదారే. మార్చిన కారును లారీ మీదో ట్రైలర్ మీదో తీసుకెళ్లాలి. 1990లో మొదలైన ఆ ట్రాక్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే మనకు దక్షిణాదిలో ఉన్న పేరున్న ట్రాక్‌లు. పోటీల్లో పాల్గొనాలంటే దేశంలోని మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య (ఎఫ్ఎంఎస్‌సీఐ) లైసెన్స్ కావాలి. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసును చూపించి వాదించకండి. ప్రభుత్వం ఆ రోడ్లను మూసి, అనుమతితో జరిపిన రేసు అది.

ప్ర: రాత్రిపూట ఖాళీగా ఉండే జాతీయ రహదారి 63 మీద? లేదా సొంత మామిడి తోటలో?

జ: రోడ్డు ఖాళీగా ఉన్నా ప్రజారహదారే. అనుమతి లేకుండా పందెం వేసినా, వేగ పరీక్ష పెట్టినా సెక్షన్ 189 కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. తోట మీదే అయినా, ఊరివాళ్లు హక్కుగా నడిచే బాట అందులో ఉంటే అది చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. నిర్లక్ష్యంగా నడిపి ఎవరి ప్రాణమైనా తీస్తే, స్థలం ఎవరిదైనా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 వర్తిస్తుంది.

ప్ర: బీమా వర్తిస్తుందా?

జ: మామూలు ప్రైవేటు కారు పాలసీ వ్యవస్థీకృత రేసింగ్‌కూ, వేగ పరీక్షకూ వర్తించదు. ట్రాక్ మీద గోడకు గుద్దితే మరమ్మతు ఖర్చు మీదే అనుకోండి. రోడ్డు మీద ప్రమాదం జరిగినా చిక్కే. ఇంజిన్ మార్చిన సంగతి దాచారన్న కారణం చూపి కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు.

ప్ర: దుబాయ్‌లో నేను వాడిన కారునే తెచ్చుకుంటే?

జ: అక్కడి కార్లు ఎడమ స్టీరింగ్‌వి. మన దిగుమతి నిబంధనలు కుడి స్టీరింగే కావాలంటాయి. వాడిన కారైతే తయారై మూడేళ్లు దాటకూడదు కూడా. కంటైనర్ బుక్ చేయకముందే ఈ రెండూ చూసుకోండి.

ప్ర: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, కిట్టు ఉందని తర్వాత తెలిసింది. దారేది?

జ: ముందు దాన్ని తీయించి, ఇంజిన్‌నూ, దాన్ని నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ)నూ కంపెనీ స్థితికి తెప్పించండి. బిల్లులు దాచుకోండి. డీలరు దాచిపెట్టి అమ్మి ఉంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు నివసించే ప్రాంతం పరిధిలోనే కేసు వేయొచ్చు.

ప్ర: మరి ట్రాక్ సరదా తీరేదెలా?

జ: రోడ్డు కారును కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి. మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, కంపెనీ చెప్పిన సైజులో మంచి టైర్లు వేయించి, శిక్షకుడి దగ్గర నాలుగు ల్యాప్‌లు నేర్చుకోండి. కొత్తవారికి హార్స్‌పవర్ కన్నా ఇవే ల్యాప్ సమయాన్ని ఎక్కువగా తగ్గిస్తాయి. సూపర్‌చార్జర్ కావాల్సిందే అంటే, ట్రాక్‌కు మాత్రమే వాడే కారు ఒకటి విడిగా పెట్టుకుని ట్రైలర్ ఖర్చు భరించాలి. షెడ్డులో “ఏం కాదు సార్, అందరూ వేయిస్తున్నరు” అంటే, ఆ మోడల్‌కు ఆ కిట్టు ఆమోద పత్రం చూపించమనండి. చూపించలేకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. కేసు పడేది కారు యజమాని మీద.