తుఫానుకు కన్ను ఎందుకుంటుంది?

 

మొన్న గాలివాన మధ్యలో కాస్త తెరిపిచ్చింది. వెంటనే మనవాళ్లు సగం మంది "అయిపోయిందిరా" అని గ్రౌండులోకి పరుగెత్తారు. అది మామూలు వాన కాబట్టి ఏమీ కాలేదు. నాకు మాత్రం మా నాన్న చెప్పిన సంగతి గుర్తొచ్చి భయం వేసింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. అప్పటికి నేను పసివాణ్ణి. మా నాన్న విశాఖలో ఎం.వి.పి. కాలనీ వైపు ఒక కొత్త బిల్డింగులో కూలిపని చేస్తున్నాడు. పొద్దుట నుంచి ఒకటే హోరు. కూలీల షెడ్డు రేకులు లేచిపోతే అందరూ కట్టుబడిలో ఉన్న గదిలో దూరారు. మధ్యాహ్నం వేళ గాలి ఒక్కసారిగా పడిపోయింది. ఆకాశం కూడా తెల్లబడింది. నాన్న రేకులు ఏరుకొద్దామని బయటికి అడుగు పెట్టాడు. అక్కడి వాచ్‌మన్ తాతది పెదజాలరిపేట. ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, "ఒరే, ఎక్కడికెళ్తన్నావు? గాలి పోలేదురా, తిరగబడతాది. లోపలికొచ్చీ!" అని గదిమాడట.

కొద్దిసేపటికే గాలి మళ్లీ వచ్చింది. ఈసారి అటునుంచి కాదు, ఇటునుంచి. నాన్న ఏరుకుందామనుకున్న రేకులు కత్తుల్లా ఎగిరిపోయాయట. తాత ఆపకపోతే ఏమయ్యేదో నేను రాయలేను.

ఆ తాతకు తెలిసిన సంగతి ఏమిటి? అదే ఈ పాఠం.

తుఫాను ఎలా పుడుతుంది?

సముద్రం పైనీరు 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కితే ఆవిరి బాగా లేస్తుంది. మరిగే నీరు ఒక గ్రాము ఆవిరి కావాలంటే 540 కాలరీల వేడి కావాలని మనం చదివాం. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలోనే దాగి ఉంటుంది. పైకి వెళ్లిన ఆవిరి చల్లబడి మేఘమైనప్పుడు ఆ వేడి బయటపడుతుంది. దాంతో అక్కడి గాలి ఇంకా తేలికై ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి ఆ చోటికి పరుగెత్తి వస్తుంది. ఇదే అల్పపీడనం. ఇది బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తుఫాను.

భూమి తిరుగుతూ ఉండడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో ఆ గాలి తిన్నగా రాదు. కుడివైపుకు ఒరుగుతూ, గడియారం ముల్లుకు ఎదురుదిశలో సుడి తిరుగుతుంది.

మరి కన్ను ఎందుకు?

సుడి మధ్యకు వచ్చేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. తాడు కట్టి తిప్పే రాయి బయటికి లాగినట్టు, అంత వేగంగా తిరిగే గాలి నడిమధ్యకు చేరలేదు. చుట్టూ గోడలా పైకి లేస్తుంది. నడుమ మాత్రం పైనుంచి గాలి మెల్లగా కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కి మేఘాలు పలచబడతాయి. అదే కన్ను. కంటి చుట్టూ ఉన్న మేఘాల గోడ కిందే అన్నిటికంటే పెద్ద గాలి ఉంటుంది.

మీరే చేసి చూడండి: ఒక కాగితం మీద పెద్ద గుండ్రం గీయండి. దాని మీద గడియారానికి ఎదురుదిశలో బాణాలు వేయండి. నడుమ చిల్లు పెట్టండి. నేల మీద సుద్దముక్కతో చుక్క పెట్టండి, అదే విశాఖ. ఇప్పుడు ఆ కాగితాన్ని ఆగ్నేయం నుంచి వాయవ్యానికి చుక్క మీదుగా జరపండి. మొదట చుక్క మీదికి వచ్చే బాణం ఈశాన్యం నుంచి వస్తుంది. తర్వాత చిల్లు. ఆ తర్వాత వచ్చే బాణం నైరుతి నుంచి! తాత చెప్పిన "తిరగబడతాది" ఇదే. ఒకవైపు గాలికి సగం వదులైన చెట్టు, గోడ, రేకు రెండోవైపు గాలికి పడిపోతాయి.

గాలికి అంత బలమా?

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. హుద్‌హుద్ గాలి గంటకు సుమారు 180 కి.మీ., అంటే సెకనుకు 50 మీటర్లు. లెక్క కడితే ఒక చదరపు మీటరు గోడ మీద 150 కిలోల బరువు ఆనించినంత తోపు. అంటే మన క్లాసు పిల్లలు ముగ్గురు నలుగురు ఎక్కి కూర్చున్నట్టు. పైగా పైకప్పు మీదుగా వేగంగా పోయే గాలిలో పీడనం తగ్గి, కప్పు పైకి లేస్తుంది. నోటి దగ్గర కాగితం ముక్క పట్టుకుని దాని మీదుగా ఊదండి, అది పైకే లేస్తుంది. ఆ రోజు విశాఖ విమానాశ్రయం పైకప్పు కూడా దెబ్బతిన్నది.

సముద్రం కూడా పొంగుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలుగా 1010 ఉండే పీడనం హుద్‌హుద్ నడుమ 950 దాకా పడింది. అంటే అర మీటరుకు పైనే. గాలి ఒడ్డుకు తోసే నీరు దానికి అదనం. దీన్నే ఉప్పెన అంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనకు పదివేల మంది దాకా చనిపోయారు. హుద్‌హుద్‌కు మన రాష్ట్రంలో ఆ సంఖ్య వందకు లోపే. ముందే హెచ్చరించి, జనాన్ని తరలించడం దానికి పెద్ద కారణం.

రేవుల్లో 1 నుంచి 11 వరకు ప్రమాద సూచికలు ఎగరేస్తారు. 10 అంటే పెనుతుఫాను రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుందని. 11 అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

కొండమీద మనకేమిటి?

నేల మీదికి వచ్చాక ఆవిరి అందక తుఫాను నీరసిస్తుంది. కానీ తడిగాలి మన కొండలకు తగిలి పైకి లేచి కుండపోతగా కురుస్తుంది. నేల నానిపోతే వేళ్ల పట్టు వదులవుతుంది. అప్పుడు కొద్ది గాలి చాలు. హుద్‌హుద్‌కు మన ఏజెన్సీలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలకొద్దీ కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. నాన్న ప్రాణాలతో ఇల్లు చేరేసరికి మా తోట పడుకుని ఉందట. కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. నీడ చెట్టు ఎదగాలంటే ఇంకా ఎక్కువ. అందుకే నాన్న అన్నాళ్లూ విశాఖ కూలికే వెళ్లాడు.

గుర్తుంచుకోండి:
1. పెద్ద గాలి హఠాత్తుగా ఆగితే అయిపోయిందనుకోకండి. వార్డెన్ గారు రేడియోలోనో ఫోనులోనో కబురు విని చెప్పేదాకా గది దాటవద్దు.
2. గాలి వచ్చే వైపు కిటికీ దగ్గర కూర్చోవద్దు. కన్ను దాటాక వైపు మారుతుంది, మీరూ మారాలి.
3. రేకుల కింద, చెట్ల కింద నిలబడవద్దు.

మీకు తెలుసా? హుద్‌హుద్ అనేది నెత్తిన కుచ్చు ఉన్న ఒక పిట్ట పేరు. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చింది. ఆ తుఫాను మిగిలిన తేమ రెండు రోజుల తర్వాత నేపాల్ హిమాలయాల్లో మంచుగా కురిసి అక్కడా ప్రాణాలు తీసింది. విశాఖ సముద్రపు ఆవిరి అక్కడ మంచయింది!

తప్పులుంటే మాస్టర్లు దిద్దగలరు. ఈసారి తెరిపిస్తే మాత్రం ఎవరూ పరుగెత్తకండి.

— 9వ తరగతి విద్యార్థి