కాలవకు నీళ్లొచ్చేలోగా కానుగ సంగతి చూడండి

కాలవలు కట్టేసిన ఈ వేసవిలో గట్లమీదా, పుంతల పక్కనా కానుగ కొత్త చిగురుతో నిగనిగలాడుతోంది. కింద నిరుటి కాయలు రాలిపడి ఉన్నాయి. కొబ్బరి దింపుల్లో, సార్వా ఏర్పాట్లలో వాటివైపు చూసేవారు తక్కువ. ట్రాక్టరుకు అడ్డమని చెట్టునే కొట్టేస్తున్నవారూ ఉన్నారు. దయచేసి కొట్టకండి. పొలానికీ, ఆ పొలంలో దిగే మనిషి ఒంటికీ కూడా పనికొచ్చే చెట్టు అది.

ముందు ఆకుమడి సంగతి. ఎండబెట్టి లెక్కిస్తే కానుగాకులో నత్రజని 3 శాతానికి పైగా ఉంటుంది. ఎకరం ఊడ్పుకు కావలసిన 5 సెంట్ల ఆకుమడికి గట్టుమీద రొట్టే చాలావరకు సరిపోతుంది. చెట్టు పైభాగం వదిలేసి, కింది రెమ్మలు కొట్టి దమ్ములో తొక్కించండి. ఆకు మగ్గడానికి పదిరోజులైనా ఇచ్చాకే మొలక చల్లాలి. పచ్చిగా ఉండగానే చల్లితే నారు పసుపెక్కుతుంది. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు ఉప్పు తేలే చేలకు పచ్చిరొట్ట మరీ అవసరం. కానుగ ఉప్పునీ ముంపునీ తట్టుకుంటుంది కాబట్టి అక్కడి గట్లమీదా బతుకుతుంది.

ఇక కాయ. రాయితో చితక్కొడితే లోపల బల్లపరుపుగా, ఎర్రటి పొరతో సాధారణంగా ఒకే గింజ ఉంటుంది. దాంట్లో దాదాపు మూడోవంతు నూనె. గానుగాడించగా మిగిలిన పిండిలో నత్రజని 4 శాతం దాకా ఉంటుంది. నత్రజని తొందరగా నైట్రేటుగా మారి నీళ్లతో పోకుండా ఆపే గుణమూ ఈ పిండికుంది. అయితే 2015 నుంచి మన యూరియా వేపనూనె పూతతోనే వస్తోంది, ఆ పూత చేసే పనీ అదే. అందుకని పిండిని మళ్లీ యూరియాలో కలపక్కర్లేదు, కొబ్బరి పాదుల్లో వేసి మట్టి కప్పండి. చెరువులున్నవారు మాత్రం జాగ్రత్త: కానుగ గింజ, వేరు చేపలకు విషం. పిండి కడిగిన నీళ్లు చెరువులోకి పోనివ్వద్దు. చేదు పిండి పశువులకూ పెట్టకండి.

ఊడ్పులు మొదలైతే ఈ చెట్టు విలువ ఆడకూలీలకు బాగా తెలుస్తుంది. రోజంతా బురదలో నానిన వేళ్ల సందులు తెల్లబడి, చీలి, మంటపెడతాయి. సాయంత్రం కాళ్లు కడిగి, బాగా తుడిచి, ఆరాక కానుగనూనె రాయడం పాత అలవాటు. తుడవకుండా రాస్తే తడి లోపలే ఉండిపోతుంది, ఫలితముండదు. ఆయుర్వేదం ఈ చెట్టును కరంజమంటుంది. చరక సంహితలో దురద తగ్గించే పది మూలికల వర్గంలో వేపతోపాటు ఇదీ ఉంది, అక్కడి పేరు నక్తమాల. గజ్జికి, తామరకు నూనెలో నిమ్మరసం కలిపి రాయడం, ఆకులు మరగబెట్టిన నీళ్లతో పుండ్లు కడగడం, లేత పుల్లతో పళ్లు తోముకోవడం ఇప్పటికీ చాలామందికి తెలిసిన వాడుకలే.

ఇవన్నీ పైపూతకు, పైవాడుకకు చెప్పిన మాటలు. గింజగానీ నూనెగానీ సొంతంగా కడుపులోకి తీసుకోవద్దు, పిల్లలకు అందనివ్వద్దు. మొదటిసారి రాసేవారు ముంజేతిమీద కాస్త రాసి ఒకరోజు చూడండి. మంటెక్కితే మానేయండి. చక్కెర జబ్బున్నవారి కాలిపుండును చెట్టుమందుకు వదిలేయకండి. ఊడ్పుల రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కలిసి కనిపిస్తే ఎలుక మూత్రం కలిసిన నీళ్లవల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. నూనె రాసుకుంటూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాయలు ఈ నెలలోనే ఏరి, గట్టి ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టి గోనెల్లో పోయండి. వానకు తడిస్తే బూజు పడుతుంది, నూనె పాడవుతుంది. మంచి గింజలు కొన్ని విడిగా తీసి, తొలకరికి సంచుల్లో నాటండి. ఏడాది దాటిన గింజకు మొలక తగ్గుతుంది. మొక్కను కొబ్బరి పాదుకు దూరంగా, గట్టు వెడల్పున్న మూలలో పెట్టండి. నాలుగైదేళ్లకు కాపు మొదలవుతుంది, రొట్ట అంతకు ముందునుంచే దొరుకుతుంది.